అచ్చం పాత మైకే... కానీ ఏ పాత?

మైకు చూడ్డానికి చిన్నదే. వెండిరంగు జాలీ, దాని కింద లావుపాటి గొట్టం. కానీ మంచి స్థితిలో ఉన్నది అమ్మకానికి వస్తే లక్షల రూపాయలు పలుకుతుంది! పేరు యూ47. బెర్లిన్‌కు చెందిన న్యూమన్ కంపెనీ 1949లో దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. అమెరికాలో ఫ్రాంక్ సినాట్రా దీని ముందు నిలబడి పాడాడు. లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో బీటిల్స్ గొంతులను రికార్డు చేసిందీ ఇదే... దీనితోపాటు దీని తోబుట్టువు యూ48.

1965లో తయారీ ఆగిపోయింది. కావాలనేవాళ్లు మాత్రం తగ్గలేదు. దాంతో ‘అచ్చం అలాంటిదే చేసిస్తాం’ అంటూ ఎన్నో కంపెనీలు ముందుకొచ్చాయి. అప్పుచేసి మరీ సొంత స్టూడియో పెట్టుకునే కుర్రాళ్లకు ఇది చిన్న విషయం కాదు. పోసిన డబ్బుకు ఆ పాత ధ్వని నిజంగా వస్తుందా?

ముందు మైకు లోపలికి తొంగిచూద్దాం. దాని గుండెకాయ క్యాప్స్యూల్. అందులో వెంట్రుకకన్నా పల్చని ప్లాస్టిక్ పొర, దానిమీద బంగారు పూత ఉంటాయి. పాడగానే పొర వణుకుతుంది. ఆ వణుకుతో పుట్టే బలహీనమైన సంకేతాన్ని వాల్వు అందుకుంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ బయటికి పంపుతుంది. పాత రేడియోల్లో ఎర్రగా వెలిగే వాల్వులు గుర్తున్నాయిగా, అలాంటిదే!

చిక్కంతా ఇక్కడే. యూ47లో ఉండేది టెలిఫంకన్ చేసిన వీఎఫ్14 వాల్వు. దాని తయారీ 1950ల చివర్లోనే ఆగిపోయింది. అందుకే నకళ్లలో వేరే వాల్వు పెట్టి, దానికి తగ్గట్టు సర్క్యూట్ సర్దుతారు. న్యూమన్ కూడా 1960లో తెచ్చిన యూ67లో ఈఎఫ్86 అనే మరో వాల్వు వాడింది. అదే యూ67ని 2018లో ఆ వాల్వుతోనే, పాత కొలతల ప్రకారం మళ్లీ తయారుచేసింది. అయితే 2022లో తన మరో పాత మైకు ఎం49ని తెచ్చినప్పుడు అలా కుదర్లేదు. అందులోని ఏసీ701 వాల్వు ఇప్పుడు తయారుకావడం లేదు మరి. కన్నతల్లి లాంటి కంపెనీకే అన్నీ దొరకవన్నమాట.

సరే, విడిభాగాలన్నీ దొరికాయనే అనుకుందాం. అప్పుడైనా పాతదానిలా పలుకుతుందా? ఇక్కడ ఇంకో మెలిక ఉంది. తొలి యూ47లలో పొర పీవీసీతో చేసింది. ఏళ్లు గడిచేకొద్దీ అది గట్టిపడుతుంది, పగుళ్లిస్తుంది. తర్వాత కంపెనీయే పాలిస్టర్ పొరకు మారింది. ఇక చేతులు మారుతూ వచ్చిన మైకుల్లో కొన్నిటికి క్యాప్స్యూల్ మార్చారు, కొన్నిటికి వాల్వు మార్చారు. ఒకే చేతిమీద తయారైన రెండు మృదంగాలు పదేళ్ల తర్వాత ఒకేలా మోగుతాయా? ఇదీ అంతే. రెండు పాత యూ47లను పక్కపక్కన పెడితే వాటిలో వాటికే తేడా వినిపిస్తుంది.

అందుకే గ్రాఫులు కలిశాయని మురిసిపోతే చాలదు. పాత మైకునూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి, ఒకే గొంతును ఒకేసారి రికార్డు చేయాలి. రెండింటి శబ్దస్థాయినీ సమానం చేసి, ఏది ఏదో చెప్పకుండా వినిపించాలి. పేరు ముందే తెలిస్తే చెవికన్నా ముందు మనసు తీర్పు చెప్పేస్తుంది.

ఈసారి ఎవరైనా ‘అచ్చం పాతదే’ అని మైకు చేతిలో పెడితే ఒక్క మాట అడిగి చూడండి. ఏ పాతది? ఫ్యాక్టరీ నుంచి వచ్చి పెట్టె విప్పిన రోజుదా... అరవై ఏళ్లు పాటలు విన్న తర్వాతదా?