మంచుపై దిగు విమానమునకు బీమా

1951లో టెర్రిస్ మూర్ స్కీలు గట్టిన చిన్న సూపర్ కబ్ విమానమును అలాస్కాలోని డెనాలీ చెంత, కహిల్ట్నా హిమానీనదముపై దింపిన నాటినుండి ఆ మార్గమున నడచుచున్న వైమానికులయెడ నాకు అపారమైన గౌరవము. మేఘావృతమైన దినమున నేలయు నింగియు ఏకధవళమై ఎత్తు తెలియరానప్పుడు, స్ప్రూస్ కొమ్మలను మంచుపై జారవిడిచి, ఆ నల్లని గురుతుల నాధారముగా గొని దిగువారు వారు. గడ్డకట్టిన సరస్సుపై మంచు మాటున దాగిన నీట స్కీలు తడిసి, నిలిచినచోటనే బిగిసిపోవుటయు వారి కనుభవమే.

అట్టివారు బీమా పత్రమును గూడ ఆ మంచునువలెనే పరీక్షింపవలయునని నా మనవి. విమానాశ్రయము కాని చోట దిగుటకు అందు సమ్మతి కలదా, స్కీల వెల విమానపు వెలలో జేరినదా, కదలికలో గలిగిన నష్టమునకును రక్షణ కలదా యని చూడవలెను. ప్రీమియము తగ్గునను ఆశతో వెలను తక్కువగా వ్రాయించుట మేలుగాదు. ఏలయన, కొండలనడుమ చిక్కిన విమానమును హెలికాప్టరుతో తెచ్చి బాగుచేయు వ్యయము ఆ వెలను సమీపించినచో, బీమా సంస్థ దానిని పూర్ణనష్టముగా నెంచి, ఒప్పుకొన్న సొమ్ము మాత్రమే చెల్లించి, శిథిలమును తాను గైకొనవచ్చును. ఆ సొమ్మునకు అట్టి విమానము మరల లభింపదు. కావున మిత్రులారా, శీతకాలము రాకమున్నే, మీ విమానమును నేడు మరల కొనవలసివచ్చిన ఎంత యగునో, అంతకే బీమా వ్రాయింపుడు.