దిల్మున్ సమాధుల నడుమ

భాయిజాన్ బహ్రెయిన్ రాజధాని మనామాలో ఉద్యోగం చేయబట్టి పన్నెండేళ్లు. గత శీతాకాలంలో మేము ఆయన ఇంటికి వెళ్ళినప్పుడు, ఒక శుక్రవారం జుమా నమాజు అనంతరం మమ్మల్ని దక్షిణాన ఉన్న ఆలీ పట్టణానికి తీసుకువెళ్ళారు. కుమ్మరి పనికి పేరుగాంచిన ఊరది. మట్టి కూజాలు కొందామని వెళ్ళిన మాకు ఇళ్ల వరుసల మధ్య మిద్దెల ఎత్తున నిలిచిన దిబ్బలు ఎదురయ్యాయి. "ఇవి కొండలు కావు, సమాధులు" అన్నారు భాయిజాన్.

క్రీ.పూ. 2200 నుండి 1750 వరకు ఈ ద్వీపంలో వర్ధిల్లిన దిల్మున్ నాగరికతకు ఇవి చిహ్నాలు. మెసొపొటేమియాకూ సింధులోయకూ నడుమ సాగిన సముద్ర వాణిజ్యానికి దిల్మున్ కూడలి. మెసొపొటేమియా మట్టి పలకలపై దాని పేరు, దాని మీదుగా వచ్చిన రాగి ప్రస్తావన నేటికీ కనిపిస్తాయి. ఆ సంపద ఫలితమే ఈ సమాధులు. నడుమ రాతి గది, అందులో మోకాళ్లు ముడిచి పక్కకు తిప్పి పడుకోబెట్టిన దేహం, చెంతనే కుండలు, చుట్టూ గుండ్రని రాతి గోడ. కాలక్రమంలో గోడలు కూలి దిబ్బలయ్యాయి.

2019లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన 21 స్థలాలలో 11,774 సమాధి దిబ్బలున్నాయి. వీటికి తోడు ఆలీలో రెండంతస్తుల రాజ సమాధులు 17. రాజులకే కాక సామాన్య ప్రజలందరికీ ఇంత శ్రద్ధగా సమాధులు నిర్మించడం ఈ నాగరికత విశిష్టత.

అయితే ఒకప్పుడు ఉన్నవాటిలో మిగిలినవి కొన్నే. ప్రాచీన కాలంలోనే దొంగలు అనేక గదులను కొల్లగొట్టారు. తర్వాత రహదారులకూ గృహాలకూ వేలాది దిబ్బలు నేలమట్టమయ్యాయి. కుమ్మరులు కొన్నింటిని తొలిచి ఆవాలు పెట్టుకున్నారు. చిన్న ద్వీపంలో బ్రతికున్నవారికి ఇల్లు కావాలి; ఆ అవసరాన్ని తప్పుపట్టలేము.

"ఇవి ముస్లిముల సమాధులు కావు కదా మామూజాన్, మరి ఎందుకు కాపాడుతున్నారు?" అని మా అమ్మాయి అడిగింది.

"మనకంటే ముందు ఈ నేల మీద బ్రతికిన మనుషులవి, బేటీ. వారి పేర్లు చెప్పేవారు ఎవరూ లేరు. ఉన్న జాడను కూడా మనం చెరిపేస్తే ఎలా?" అన్నారాయన.

ఆ మాటకు నేను తల దించుకున్నాను. మా ఊరి పొలిమేరలో రాకాసి గుళ్లని పిలిచే రాతి వలయాలుండేవి. అవి ప్రాచీనుల సమాధులని అప్పట్లో మాకు తెలియదు. అందరిలాగే మా నాన్నగారూ ఆ రాళ్లను బండిపై తెచ్చి ఇంటి పునాదిలో వేయించారు. నేను పుట్టి పెరిగిన ఇల్లు ఎవరి సమాధి రాళ్లపై నిలిచిందో!

మన నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. అంతటి పేరు లేని వలయాలు మన పొలాల గట్లపై ఇంకా ఉన్నాయి. వాటి రక్షణకు తొలి మెట్టు, అవేమిటో మన పిల్లలకు చెప్పడమే.

తిరుగు ప్రయాణానికి సిద్ధమయ్యేసరికి మగ్రిబ్ అజాన్ వినిపించింది. ఊరికి చేరాక మా అమ్మాయిని పొలిమేరకు తీసుకువెళ్ళాను. అక్కడ ఒక వలయం మిగిలే ఉంది. రాళ్లు లెక్కించి చూశాము: తొమ్మిది.