పరిగెట్టడం సరే, ఆగొద్దేంటి?

రామచంద్రపురంలో రేస్ ట్రాక్ లేదు. ఉన్నదల్లా ద్రాక్షారామం రోడ్డు, చుట్టూ వరిచేలు, ఎదురుగా ధాన్యం ట్రాక్టర్లు. అయినా చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఎక్కాల్సిన మా నాన్న 1996 మారుతీ జెన్ ఇక్కడే రెడీ అవుతోంది. 993 సీసీయేనా అని నవ్వకండి, ఒకప్పుడు మన ర్యాలీల్లో జెన్‌లూ దుమ్ము రేపాయి.

ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్ అని లిస్టు పట్టుకెళ్లా. మెకానిక్ బాబాయ్ బ్రేక్ ఆయిల్ మూత తీశాడు. లోపల డికాషన్!

“పరిగెట్టడం సరే అబ్బాయ్, మరి ఆగొద్దేంటి?”

బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. మన గోదావరి గాలి సంగతి తెలిసిందేగా. డాట్ 3 ఆయిల్ కొత్తదైతే 205 డిగ్రీల దాకా మరగదు. నీరు చేరితే 140కే మరిగిపోవచ్చు. ట్రాక్‌లో మలుపు మలుపుకీ బ్రేక్ కొడితే అంత వేడీ పుడుతుంది. ఆయిల్లో బుడగలొస్తే పెడల్ నేలకి దిగిపోతుంది.

నెల కిందట ఇదే కార్లో అమ్మానాన్నల్ని ద్రాక్షారామం గుడికి తీసుకెళ్లా.

సైలెన్సర్ డబ్బులు డాట్ 4 ఆయిల్‌కీ, బ్రేక్ ప్యాడ్లకీ, టైర్లకీ వెళ్లాయి. పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద అరవైలో బ్రేక్ నొక్కా. బండి గీత గీసినట్టు ఆగింది. పక్క సీట్లో నాన్న ఏమీ అనలేదు. డాష్‌బోర్డుకి ఆనించిన చెయ్యి మాత్రం మెల్లగా తీసేశారు.