ఇద్దరు చూసిందీ నిజమే

పిల్లలూ! ముప్ఫయి అయిదేళ్ళు పంతులుగిరీ చేసిన నేను, రిటైరయిన తరవాత ఒక శిష్యుణ్ణి అన్యాయంగా కోప్పడ్డాను. ఆ సంగతి చెబుతాను, వినండి.

మా బడి పూర్వ విద్యార్థులకు ఇంటర్నెట్టులో ఒక వెబ్‌సైటు ఉన్నది. దాని పనంతా నా శిష్యుడే చూస్తాడు. కిందటేడు ఒకనాడు, "మాస్టారూ, మన సైటును ఈ ఉదయం కొత్త సర్వరుకు మార్చాను. వార్షికోత్సవం తేదీ కూడా సరిచేశాను," అన్నాడు. సాయంత్రం నేను చూస్తే పాత తేదీయే కనబడింది! ఫోను చేసి చెడామడా చీవాట్లు పెట్టాను. "నాకు కొత్తదే కనిపిస్తోందండీ," అన్నాడు వాడు. అబద్ధం కూడా ఆడుతున్నాడనుకున్నాను.

మా మనమరాలు ఇదంతా విని, "తాతయ్యా, డిగ్‌ను అడుగుదాం," అన్నది. డిగ్ అంటే తవ్వడం. ఈ సాధనానికి బొమ్మలూ, బొత్తాలూ ఉండవు. నల్లని తెరమీద దాని పేరూ, పక్కన సైటు పేరూ టైపు చేస్తే, ఆ సైటు ఏ అంకెల చిరునామాలో ఉన్నదో చెబుతుంది.

కంప్యూటర్లకు కావలసినవి అంకెలు. మనకు గుర్తుండేవి పేర్లు. ఏ పేరుకు ఏ అంకెలో పూర్వం ఒకే జాబితాలో రాసి, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో ఉంచేవారు. కంప్యూటర్లు పెరిగేకొద్దీ దాన్ని మొయ్యడం కష్టమయింది. 1983లో పాల్ మొకపెట్రిస్ అనే ఆయన ఆ లెక్కలను పంచిపెట్టే పద్ధతి రూపొందించాడు. ఒకప్పుడు ఏ ఊరి లెక్కలు ఆ ఊరి కరణం దగ్గర ఉండేవి కావూ? అలాగే!

మనమరాలు మా సైటు పేరు టైపు చేస్తే పాత అంకెలే వచ్చాయి. "చూశావా, వాడు మార్చనేలేదు!" అన్నాను. "ఉండు తాతయ్యా, పక్కనున్న ఈ అంకె చూడు," అన్నది. 41310. అర నిమిషం ఆగి అడిగితే 41280! నాకు భలే సరదా వేసి మూడుసార్లు అడిగించాను. అవి సెకన్లట. దారిలోని సర్వరు ఒకసారి విన్న జవాబును కొంతకాలం దాచుకుని, అడిగినవారికల్లా అదే చెబుతుంది. మా సైటుకు పెట్టిన గడువు 86400 సెకన్లు, అంటే సరిగ్గా ఒక రోజు.

తరవాత ఆ పిల్ల మా సైటు లెక్క ఉండే అసలు సర్వరునే నేరుగా అడిగింది. దాని పేరు కూడా డిగ్గే చెప్పింది లెండి. కొత్త అంకెలు వచ్చాయి! మా ఇంటి దారిలోని సర్వరు పాత జవాబును దాచుకున్నది. వాడి దారిలోనిది దాచుకోలేదు.

ముందురోజే ఆ గడువును 300 సెకన్లకు తగ్గించి ఉంటే ఈ గొడవ ఉండేది కాదట. అది వాడికెవరూ చెప్పలేదు. నాకు అసలే తెలియదు.

వెంటనే ఫోను చేసి, "పొరపాటు నాదే నాయనా," అన్నాను. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "రేపు పొద్దున చూడండి మాస్టారూ," అన్నాడు.

41310ని 3600తో భాగించి చూసుకున్నాను. దాదాపు పదకొండున్నర గంటలు. మర్నాడు తెల్లవారుజామున అయిదున్నరకే లేచి కంప్యూటరు తెరిచాను. కొత్త తేదీ కనబడింది.