పొదుపు వేరు, పిసినారితనము వేరు



ఇల్లు నడుపు స్త్రీకి పొదుపును గూర్చి ఇంకొకరు బోధింప నక్కఱలేదు. నెల జీతమును బియ్యమునకు, పాలకు, అద్దెకు, పిల్లల చదువునకు పంచి, చివరకు నాలుగు రూపాయలు పోపులడబ్బాలో దాచునది ఆమెయే. దేనిని వదలుకొనవచ్చునో, దేనిని ఎన్నటికిని వదలుకొనరాదో ఆమెకు తెలిసినంత స్పష్టముగా కోట్ల లెక్కలు వ్రాయువారికి తెలియదని మా నమ్మకము. ఈ నమ్మకము మాకు వంటయింటిలో కలిగినది కాదు. క్రికెట్టు చూచుచుండగా కలిగినది.

ఆడువారి పత్రికలో క్రికెట్టేమని నవ్వకుడు. ఏటేట వేసవిలో రెండు మాసములు మన యిండ్లలో అన్నము వడ్డించు వేళను, పిల్లలు పండుకొను వేళను, మగవారి ముఖముల వెలుగును నిర్ణయించునది ఆ ఆటయే. అట్టిదానిని గూర్చి మనము మాటాడకున్న నెవరు మాటాడుదురు?

మా నివాసము సంగారెడ్డిని ఆనుకొనియున్న పోతిరెడ్డిపల్లి. మా వీధిలోని పురుషులు పెక్కురు పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని కార్ఖానాలలో పని చేయుదురు. మధ్యాహ్నపు షిఫ్టువారు సెల్‌ఫోనులు ద్వారమువద్దనే అప్పగించి లోనికి పోవుదురు గనుక రాత్రి ఏడున్నరకు మొదలైన ఆట ఏ దారి పట్టినదో వారికి తెలియదు. పదునొకండు దాటిన పిమ్మట బొంబాయి రహదారిపై బస్సు దిగి, ఇల్లు చేరి, చెప్పులు విడువకమునుపే అడుగు ప్రశ్న ఒక్కటే: “మనోళ్లు ఏం చేసిండ్రు?” చెప్పవలసినవారము మేము. అట్లు చెప్పుటకై చూచుట మొదలిడి, ఆరేడుగురు స్త్రీలము ఒక యింట చేరి చూచుట అలవాటు చేసికొని, క్రమముగా మేమే మావారికంటె గట్టి అభిమానులమైతిమి. ఓడిన రాత్రి ముందుగా నీళ్లిచ్చి, అన్నము పెట్టి, పిమ్మట వార్త చెప్పవలెనని మాలో మేము ఒక కట్టుబాటు సయితము చేసికొంటిమి. 2021 మొదలు 2023 వఱకు ఆ కట్టుబాటునకు తీరిక లేకపోయెను.

మన బాధ క్రొత్తది కాదు. 2008లో ఐపీఎల్ పోటీలు పుట్టినపుడు హైదరాబాదునకు దక్కన్ ఛార్జర్స్ అను జట్టు వచ్చెను. మన వి.వి.ఎస్. లక్ష్మణ్ తనకు రాదగిన ప్రత్యేక హోదాను, దానితో వచ్చు అధిక ధనమును వదలుకొని, ఆ సొమ్ముతో మంచి ఆటగాండ్రను తెచ్చుకొనుడని జట్టునకు వెసులుబాటు కల్పించెను. ఇంటి పెద్ద తన వాటా తగ్గించుకొని పిల్లలకు పెట్టుట వంటిది ఆ పని. ఆ యేడు జట్టు పదునాలుగు ఆటలలో రెండు మాత్రమే గెలిచి చివర నిలిచెను. అయినను మరుసటి యేడు, దక్షిణాఫ్రికాలో జరిగిన పోటీలలో, గిల్‌క్రిస్ట్ నాయకత్వమున 2009 మే 24న జొహానెస్‌బర్గులో బెంగుళూరు జట్టును 6 పరుగుల తేడాతో ఓడించి కప్పు గెలిచెను.

కప్పు తెచ్చిన ఆ యింటివా రేమైరి? 2011 పోటీలకు ముందు క్రొత్తగా వేలము జరిగినపుడు, ప్రతి జట్టు నలుగురు పాతవారిని నిలుపుకొనుటకు వీలుండెను. మన జట్టు ఒక్కరినైనను నిలుపుకొనలేదు. అట్లు పోయినవారిలో రోహిత్ శర్మ యొకడు; అతని తల్లి విశాఖపట్టణపు ఆడపడుచు. అతడు ముంబయి చేరి, నాయకుడై, 2013, 2015, 2017, 2019, 2020 సంవత్సరములలో ఐదు కప్పులు గెలిచెను. ఈ సంగతి వినిన మా వీధి అవ్వ ఒకతె, “ఇంట్ల పెంచిన కోడిని అంగట్ల అమ్ముకొని, పండుగనాడు మళ్ల అదే అంగట్ల కోడికి బేరమాడవట్టిరి గద బిడ్డా!” అనెను. ఇంతకంటె బాగుగా ఏ విమర్శకుడును చెప్పి యుండడు.

యజమానుల ఆర్థిక స్థితి చెడి, 2012 సెప్టెంబరులో క్రికెట్టు బోర్డువారు ఆ జట్టు హక్కును రద్దు చేసిరి. జట్టే లేని యభిమానులమై కొన్ని వారములుంటిమి. అక్టోబరులో సన్ టీవీవారు ఏటికి 85.05 కోట్ల రూపాయల చొప్పున చెల్లించుటకు ఒప్పుకొని హైదరాబాదు జట్టును దక్కించుకొనిరి. అదియే సన్‌రైజర్స్. 2016 మే 29న బెంగుళూరులో 8 పరుగుల తేడాతో కప్పు గెలిచినపుడు మా పిల్లలు వీధిలో ఎగిరిన యెగురుడు ఇప్పటికిని కన్నులకు కట్టినట్లున్నది. ఆ యేడు నాయకుడు వార్నర్ ఒక్కడే 848 పరుగులు చేసెను.

ఐదేండ్లు గడచునప్పటికి కథ మారెను. 2021లో పోటీల నడుమనే వార్నర్‌ను నాయకత్వము నుండి తొలగించిరి; పిమ్మట ఆటలోనుండియు తప్పించిరి. జట్టు పదునాలుగింట మూడు గెలిచి అట్టడుగున నిలిచెను. ఆ సంవత్సరాంతమున ఆటగాండ్రను నిలుపుకొను సమయమున, 2017 నుండి మన జట్టున బంతి త్రిప్పిన అఫ్ఘను యువకుడు రషీద్ ఖాన్ జాబితాలో లేకపోయెను. విలియమ్సన్‌ను 14 కోట్లకు నిలుపుకొనిరి. గుజరాతువారు 15 కోట్లకు రషీదును తీసికొని, 2022లో, తమ మొదటి యేటనే, కప్పు గెలిచిరి. మనకు ఎనిమిదవ స్థానము దక్కెను. వింత యేమనగా, ఒక్క యేడు తిరుగకమునుపే విలియమ్సన్‌ను సయితము విడిచిపెట్టిరి. అతనిని ఆ గుజరాతువారే 2 కోట్లకు కొనిరి. మనవారు అదే వేలములో హ్యారీ బ్రూక్ అను ఇంగ్లీషు యువకునికి 13.25 కోట్లు పోసిరి. కలకత్తాలో ఒక్క శతకము తప్ప అతని వలన మనకు చెప్పుకొనదగిన లాభము లేదు. 2023లో పది జట్లలో పదవ స్థానము వచ్చెను. బ్రూక్‌ను విడిచిరి, ఢిల్లీవారు 4 కోట్లకు తీసికొనిరి.

ఈ లెక్కను మీ పద్దుపుస్తకమున వ్రాసి చూడుడు. దీనిని లోభమందుమా, దుబారా యందుమా? యజమానులు డబ్బు తీయరను మాట పూర్తిగా నిజము కాదు. ఐపీఎల్‌లో జట్లన్నియు ఆటగాండ్రపై ఖర్చు పెట్టదగిన మొత్తమునకు ఒకే పరిమితి కలదు. 2025లో అది 120 కోట్లు. ఎంత ధనవంతుడైనను అంతకు మించి పెట్టరాదు. 2023 డిసెంబరులో మనవారు కమిన్స్‌కు 20.50 కోట్లిచ్చి తెచ్చిరి. 2024లో జట్టు తుదిపోటీ వఱకు పోయెను. కావున కొఱత సంచిలోని సొమ్మునకు కాదు. ఉన్నదాని విలువ తెలియకుండుటయే కొఱత. పిసినారి రూపాయి దాచును, మనిషిని పోగొట్టుకొనును. పిమ్మట ఆ మనిషి చోటు నింపుటకు పది రూపాయలు పోయును. పొదుపరి మనిషిని దాచుకొనును.

ఇంకొక సంగతి గలదు. 2023 నుండి ఐదేండ్లకు ఈ పోటీల ప్రసారపు హక్కులు 48,390 కోట్లకు అమ్ముడుపోయెను. ఆ రాబడిలో జట్లకు పెద్ద వాటా ముట్టును. ఓడిన జట్టు యజమాని యింటికిని ఆ వాటా చేరుచునే యుండును. మఱి ఓటమి ఎవరి యింటికి పోవును? అన్నము ముట్టక ముసుగు తన్ని పడుకొను పిల్లవాని యింటికి పోవును. నష్టము అనుభవించువాడొకడు, నిర్ణయము చేయువాడొకడు అయినచోట ఏ సంసారమును చక్కబడదు.

2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమినాడు, మేము నాలుగు మాసములు కూడబెట్టిన సొమ్ముతో పిల్లలను వెంటబెట్టుకొని ఉప్పల్ పోయితిమి. పానకము త్రాగి బయలుదేరి, మియాపూరులో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, స్టేడియము చేరుసరికి ప్రొద్దు వాలెను. ఎదుటి జట్టు గుజరాతు. మొదటి ఓవరులోనే మన హెడ్‌ను ఔటు చేసినవాడు మహమ్మద్ సిరాజ్. హైదరాబాదులో ఆటో నడిపి సంసార మీదిన తండ్రికి పుట్టిన బిడ్డ. 2017లో సన్‌రైజర్స్ అతనిని 2.60 కోట్లకు కొని ఒక్క యేటితో విడిచిపెట్టెను. ఆ రాత్రి అతడు 17 పరుగులిచ్చి నాలుగు వికెట్లు తీసెను. మనము ఏడు వికెట్ల తేడాతో ఓడితిమి. మా పిల్లవాడొకడు సిరాజ్‌కు చప్పట్లు కొట్టి, చటుక్కున ఆపి, “అమ్మా, ఈయన మనోడా, పరాయోడా?” యని యడిగెను. ఏమని చెప్పగలము? లింగంపల్లి మైదానమున ఆట నేర్చిన తిలక్ వర్మను 2022లో 1.70 కోట్లకు తీసికొనినవారును ముంబయివారే గదా! మేము పట్టణమునకు పోవు త్రోవలోనే యున్నది లింగంపల్లి.

ఈ కోపము ఒక్క ఆటకు సంబంధించినదే యైనచో ఇంత వ్రాసియుండము. మా యెఱుకలోని ఒక కార్ఖానాలో, పదునెనిమిదేండ్లు ఒకే యంత్రము కడ పని చేసి, చప్పుడు వినియే దాని జబ్బు చెప్పగల పనివాడుండెను. అతని జీతము పెరిగినదని, ఆ సగముతో క్రొత్తవాడు దొరకునని పైవారు తలచిరి. అతడు వేఱొకచోటికి పోయెను. ఆరు మాసములలో ఆ యంత్రము మూడుమార్లు నిలిచిపోయెను. రషీద్ పోయిన వార్త వచ్చిన రాత్రి మా యింటివారు అన్నము ముందు కూర్చుండి పలికిన మాట క్రికెట్టును గూర్చినది కాదు: “చేయి కుదిరినోడు పోతే తెలుస్తది.” వారికి గుర్తు వచ్చినది ఆ యంత్రమే. ఈ పారిశ్రామికవాడలో కాంట్రాక్టు చీటిపై పని చేయు ప్రతి యింటికిని ఆ భయము తెలియును. జట్టు తన మనిషిని కాపాడుకొనవలెనని మేము కోరుటలో, మా మనుష్యులను గూడ ఎవరైన కాపాడుకొనవలెనను కోరిక దాగియున్నది.

మంచి మాటయు చెప్పవలెను. ఉప్పల్‌లో మేము చూచిన ఓటమికి ఆఱు దినముల పిమ్మట, అదే మైదానమున, పంజాబు నిలిపిన 246 పరుగుల గురిని మన జట్టు ఛేదించెను. అభిషేక్ శర్మ 55 బంతులలో 141 పరుగులు చేసి, జేబులోనుండి కాగితము తీసి, ఇది అభిమానుల కొఱకని చూపెను. ఇతడు 2019 నుండి ఈ జట్టుననే యున్నవాడు. తొలి యేండ్లలో అంతగా రాణింపకున్నను ఓపిక పట్టిరి, కాయ పండెను. విశాఖ కుఱ్ఱవాడు నితీశ్ కుమార్ రెడ్డి 2023లో 20 లక్షలకు వచ్చెను. 2025కు ముందు 6 కోట్లకు నిలుపుకొనిరి. ఆ నడుమ 2024 డిసెంబరులో మెల్బోర్నులో భారతదేశము తరపున 114 పరుగులు చేసెను. నిలుపుకొనిన చోట ఫలము కనబడుచునే యున్నది. అయినను అదే వేళ పదునొకండేండ్లు సేవచేసిన భువనేశ్వర్‌ను పోనిచ్చిరి. అతడు చేరిన బెంగుళూరు 2025 జూన్ 3న తన మొదటి కప్పు గెలిచెను. మనది ఆఱవ స్థానము.

ఆడుబిడ్డల సంగతి విడువరాదు. 2023లో స్త్రీల పోటీలు ఐదు జట్లతో ఆరంభమైనపుడు, మిథాలీ రాజ్ ఆట నేర్చిన హైదరాబాదునకు అందులో చోటు లేకపోయెను. భద్రాచలము పిల్ల గొంగడి త్రిష 2025లో పందొమ్మిదేండ్లలోపు బాలికల ప్రపంచకప్పులో ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచెను. కడప జిల్లా శ్రీచరణి ఆ యేడే ప్రపంచకప్పు గెలిచిన భారత జట్టున ఆడెను. పెట్టుబడికి తగిన బిడ్డలు మన యింట లేరని ఎవ్వరు అనగలరు?

కావున సోదరీమణులారా, జట్టును విడువుడని మేము చెప్పము. విడుచుట మాకే చేతకాదు. అయితే అభిమానమనునది ఊరక దొరకు సరకని యజమానులు తలచునట్లు ఉండరాదు. మన పిల్లలకు గెలుపోటముల పట్టికతో పాటు ఎవరిని నిలుపుకొనిరో, ఎవరిని పోనిచ్చిరో ఆ పట్టికను గూడ చూపుదము. మనవాడు ఏ రంగు చొక్కా తొడిగినను చప్పట్లు ఆపనక్కఱలేదని చెప్పుదము. ధాన్యము ధర పలికినదని విత్తనపు గింజను సయితము అమ్ముకొను రైతును లోకము తెలివిగలవాడనదు. ఆ మాత్రపు సేద్యము మన జట్టువారు నేర్చినచో, మఱియొక కప్పు దానంతట అదియే ఇల్లు వెదకికొని వచ్చును.