ఇరవై బైట్ల బ్యాకప్

మొన్నామధ్య మా టీములో కొత్తగా చేరిన కుర్రాడొకడు భోజనాల దగ్గర "సార్, వెబ్ డెవలప్‌మెంట్ నేర్చుకోవాలంటే ఏ కోర్సు మంచిది?" అనడిగాడు. "కోర్సుల సంగతి తర్వాత. ముందు ఓ చిన్న సర్వరు అద్దెకి తీసుకుని మీ ఇంట్లోవాళ్ళకి పనికొచ్చే సైటొకటి పెట్టు. అది పడిపోతే నిన్ను తిట్టేవాళ్ళుండాలి" అన్నాను. వాడు జోకనుకుని నవ్వేశాడు. కాదు. ఆ సలహా నాకు చాలా ఖరీదుకి దొరికింది.

నేను ఈ ఫీల్డులోకొచ్చి రెండు దశాబ్దాలు కావస్తోంది. అంతా బ్యాంకుల ప్రాజెక్టులు, జావా. సర్వర్లు చూసుకునే టీము వేరే, డేటాబేస్ టీము వేరే, నెట్‌వర్క్ టీము వేరే. మన కోడు మనం రాసి పడేస్తే అది ఎక్కడికెళ్ళి ఎలా నడుస్తుందో మనకనవసరం. ఏదన్నా కావాలంటే టికెట్ పెట్టడమే. ఇన్నేళ్ళ అనుభవం తర్వాత కూడా ఖాళీ సర్వరు ఒకటి నా చేతికిస్తే ఎక్కడ మొదలెట్టాలో నాకు తెలీదు! మీలో చాలామంది పరిస్థితి ఇంతేనని నా అనుమానం. కాదంటే సంతోషం.

2019లో నాన్నగారి కోసం సైటు పెట్టాల్సొచ్చింది. ఆయన రేపల్లె దగ్గర హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఊరి సంగతులు, పాతకాలం మాస్టార్లు, పిల్లలు చేసిన అల్లర్లు నోటు పుస్తకాల్లో రాసుకునేవారు. "మావాడు కంప్యూటర్ ఇంజనీరు, వాడే పెడతాడు" అని అప్పటికే నలుగురికీ చెప్పేశారు. ఇక తప్పుతుందా?

రెడీమేడ్‌గా దొరికేవి ఉన్నాయి. కానీ నాకు పౌరుషం. నెలకి 5 డాలర్లకి ఒక సర్వరు తీసుకుని, డొమైన్ కొని, పీహెచ్‌పీలో నేనే రాద్దామని కూర్చున్నాను.

మొదటి పేజీ వచ్చింది. తెలుగు రాలేదు! అక్షరం ఉండాల్సిన ప్రతిచోటా నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు 'ఎ', పక్కన డిగ్రీల సున్నా. కారణం తెలిశాక భలే అనిపించింది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి, గుణింతం గుర్తుకి, దేనికైనా మూడేసి బైట్లు. తెలుగు మొత్తానికీ మొదటి బైటు ఒకటే, రెండోది రెండింటిలో ఒకటి. ఇది యూటీఎఫ్-8 అని పేజీలో మనం చెప్పకపోతే బ్రౌజరు దాన్ని లాటిన్ అనుకుని ఒక్కో బైటునీ ఒక్కో అక్షరంగా చదివేస్తుంది. అందుకే పేజీ నిండా ఆ జంటలే. డేటాబేసులో ఇంకో తమాషా. మైసీక్వెల్ పుట్టింది స్వీడన్‌లో. అందుకని 5.7 వెర్షన్‌లో కూడా మనం మార్చకపోతే అక్షరాలు లాటిన్, వాటి వరస స్వీడిష్! నాన్నగారి తెలుగుని స్వీడిష్ వరసలో పెట్టబోయానన్నమాట.

తర్వాత 403 ఎర్రరు. ఎందుకొస్తోందో అర్థం చేసుకునే ఓపిక లేక ఫోల్డరు మొత్తానికి 777 ఇచ్చేశాను. అంటే తాళం చెవి దొరకలేదని తలుపే ఊడబీకినట్టు. సర్వరు లాగ్ తెరిస్తే ముక్కూ మొహం తెలియని యంత్రాలు ఎక్కడెక్కడినుంచో రూట్ పాస్‌వర్డ్ ఊహిస్తూ వరసగా తలుపు తడుతున్నాయి. అప్పుడు భయమేసి పర్మిషన్లు సరిచేసి, పాస్‌వర్డ్ లాగిన్ తీసేసి, కీ మాత్రమే ఉంచాను. ఉచితంగా వచ్చే సర్టిఫికెట్ 90 రోజులకి చచ్చిపోతుందని, దాన్ని మళ్ళీ తెచ్చుకునే ఏర్పాటు మనమే చూసుకోవాలని 91వ రోజున తెలిసింది. నాన్నగారి స్నేహితుడు ఫోన్ చేసి "మాస్టారూ, మీ సైటులోకెళ్ళటం ప్రమాదం అంటోందేమిటండీ" అన్నారట.

ఇదంతా నవ్వుకునే భాగం. నాన్నగారు మొదట్లో నోటు పుస్తకాల్లోవి ఎక్కించారు. పోనుపోను కీబోర్డు అలవాటై నేరుగా సైటులోనే రాయటం మొదలెట్టారు. పాత విద్యార్థులు ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి కింద కామెంట్లు రాసేవాళ్ళు. ఫీజు కట్టలేని రోజుల్లో మాస్టారు తనకేం చేశారో ఒకాయన రాశాడు. ఆ సంగతి ఇంట్లో మాకెవరికీ తెలీదు.

2021 ఫిబ్రవరిలో ఒక రాత్రి, కొత్త మార్పు ఒకటి పరీక్షిద్దామని రెండు కిటికీలు తెరిచి కూర్చున్నాను. ఒకటి నా ల్యాప్‌టాప్, రెండోది సర్వరు. ల్యాప్‌టాప్‌లోని నకలు డేటాబేసు తుడిచేసి మళ్ళీ మొదలెట్టాలి. డ్రాప్ కమాండ్ కొట్టాను. ఎంటర్ నొక్కాక చూశాను, అది సర్వరు కిటికీ.

గుండె ఝల్లుమంది కానీ కంగారు పడలేదు. రోజూ రాత్రి రెండింటికి బ్యాకప్ తీసే స్క్రిప్టు నేనే రాశాను కదా! ఫోల్డరు తెరిచాను. ముప్ఫై ఫైళ్ళు, తేదీల వారీగా, బుద్ధిగా. ఒక్కొక్కటి 20 బైట్లు.

జరిగిందిదీ. 2020 జూన్‌లో డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చాను, స్క్రిప్టులో మార్చలేదు. ఆ రోజు నుంచీ డేటాబేసు "నువ్వెవరు?" అని పొమ్మంటోంది, స్క్రిప్టు ఆ శూన్యాన్నే జీజిప్‌కి అందిస్తోంది. శూన్యాన్ని కుదిస్తే వచ్చే ఫైలు సరిగ్గా 20 బైట్లు. పైపులో చివరిది జీజిప్. దాని పని సవ్యంగా ముగిసింది కాబట్టి మొత్తం సవ్యమే అని లెక్క. ఎర్రర్లన్నీ క్రాన్ పాపం ఏరోజుకారోజు రూట్ పేరున మెయిల్ పెట్టింది. ఆ డబ్బా నేనెప్పుడూ తెరవలేదు. ఇంతకన్నా ఘోరం, ముప్ఫై రోజులు దాటిన ఫైళ్ళు తీసెయ్యమని కూడా నేనే రాశాను. అంటే ఒకప్పటి మంచి బ్యాకప్‌లన్నిటినీ నా స్క్రిప్టే ఒక్కొక్కటిగా చెరిపేసింది. ఒకవేళ అవి బాగున్నా, ఉన్నది అదే సర్వరులో. డిస్కు పోతే రెండూ పోయేవి.

ఆఫీసులో డిజాస్టర్ రికవరీ మీద స్లైడ్లు చేసి, కుర్రాళ్ళకి క్లాసులు పీకినవాణ్ణి. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది.

వేబ్యాక్ మెషీన్‌లో వెతికాను. మొత్తం 142 వ్యాసాల్లో 87 దొరికాయి, అప్పటికి వచ్చిన కామెంట్లతో సహా. దొరకని 55 ఎక్కువగా కొత్తవి, నోటు పుస్తకంలో లేనివి. మర్నాడు ఊరికి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "పోనీలేరా, పరీక్ష పేపర్లు వానలో తడిసిపోతే మళ్ళీ పరీక్ష పెట్టలేదా మేము" అన్నారు. తిట్టినా బాగుండేది.

నాలుగు నెలలు కూర్చుని 38 మళ్ళీ రాశారు. మిగతా 17 రాయనన్నారు. "అవి అప్పటికి అలా వచ్చాయి, ఇప్పుడు రావు" అన్నారు. ఫీజు సంగతి రాసినాయన కామెంటు ఆ పదిహేడింటిలో ఒకదాని కింద ఉంది. ఆయన ఈమెయిల్ కూడా ఆ డేటాబేసులోనే పోయింది.

టిమ్ బెర్నర్స్ లీ సెర్న్‌లో మొట్టమొదటి వెబ్ సర్వరు నడిపిన నెక్స్ట్ కంప్యూటరు మీద, ఇది సర్వరు, దీన్ని ఆపొద్దు అని చేత్తో రాసిన కాగితం అంటించి ఉండేది. దాన్ని తల్చుకుంటే నాకిప్పుడు ముచ్చటేస్తుంది. సర్వరంటే ఎక్కడో ఆకాశంలో ఉండేది కాదు, ఎవరో ఒకరు బాధ్యత తీసుకోవాల్సిన పెట్టె. మన ఉద్యోగాల్లో ఆ బాధ్యత ముక్కలై పది టీములకి పోయింది. అది తప్పని అనను, పెద్ద సంస్థలు అలాగే నడవాలి. కానీ ఆ ముక్కలన్నీ ఒక్కసారైనా మన ఒక్కరి నెత్తిన పడితే తప్ప, ఏ ముక్క ఎందుకుందో ఒంటబట్టదు.

ఇప్పుడు బ్యాకప్ వేరే కంపెనీ సర్వరుకి కూడా వెళ్తుంది. పైపులో ఏది తప్పినా స్క్రిప్టు ఆగిపోయి నా ఫోనుకి మెసేజ్ కొడుతుంది. ఫైలు మరీ చిన్నదైతే పాతవాటిని చెరపదు. సర్వరు కిటికీ రంగు ఎరుపు. ఇవన్నీ ఒకెత్తు. నెలకో ఆదివారం బ్యాకప్‌ని నా ల్యాప్‌టాప్‌లో తిరిగి ఎక్కించి నాన్నగారికి వీడియో కాల్‌లో చూపిస్తాను. ఆయన తనకి తోచిన వ్యాసం ఒకటి తెరవమంటారు, రెండు పేరాలు చదివించుకుంటారు. "ఆఁ, ఉంది" అంటారు. అప్పుడే అది బ్యాకప్ అయినట్టు లెక్క.

మీకూ ఎక్కడో ఒక సైటో, ఇంటి ఫోటోలో, ఏదో ఒకటి ఉండే ఉంటుంది. బ్యాకప్ కూడా ఉందంటారు. సరే, ఒకసారి ఆ ఫైలు సైజు ఎంతో చూసి రండి.