కోళ్లకో కొంప

మా ఇంటికి వచ్చి వుండటానికి మా అమ్మ ఒకే ఒక షరతు పెట్టింది. ఆమెతోపాటు ఆమె పెట్టలు మూడూ రావాలి. నాన్న పోయాక పల్లెలో ఒంటరిగా వున్న మనిషి. ఏడాదిపాటు బ్రతిమాలితే ఒప్పుకున్నది. కోళ్లేమిటి, గేదెల మందను తోలుకొస్తానన్నా సరేననేవాణ్ణి!

దొనకొండ అంటే మీకు రైలుస్టేషను గుర్తు రావచ్చు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఇంగ్లీషువారు వేసిన విమానాల మైదానం గుర్తు రావచ్చు. చలి మాత్రం ఎవరికీ గుర్తు రాదు. కాని ధనుర్మాసంలో ఆ బయలు మీదుగా వచ్చే గాలి సంగతి, మార్కాపురం వెళ్ళడానికి పొద్దుటి రైలు కోసం నిలబడే నాబోటి లెక్చరరును అడగండి.

గూటి కోసం సెల్‌ఫోనులో వెదికాను. చెక్క గోడలు, ఎర్రరంగు కప్పు, బుల్లి నిచ్చెన!

"ఆ ధరకు అందులో మనమే కాపురం పెట్టవచ్చు," అంది మా ఆవిడ.

చివరకు వెల్డింగు షాపులో ఇనుప చట్రానికి జల్లెడ కొట్టించి, పాత రేకు కప్పు వేయించాను. పిల్లులూ ముంగిసలూ దూరకుండా నాలుగు కాళ్ళు. మొత్తం 2,800 రూపాయలు. కార్తీకంలో ఒక పెట్ట 21 రోజులు పొదిగి తొమ్మిది పిల్లలను లేపింది.

చలి ముదిరింది. చదువుకున్నవాణ్ణి గదా, ఊరుకుంటానా? ప్లాస్టిక్ పట్ట కొనుక్కొచ్చి గూడంతా చుట్టబెట్టాను. సందుల్లో గోతాలు కుక్కాను. కింద వరిగడ్డి పరిచాను. అమ్మ వరండాలో నిలబడి చూస్తూవుంది.

"బాగుందా అమ్మా?"

"బాగుంది నాయనా. నువ్వు కట్టావుగా."

నాలుగోనాడు రెండు పిల్లలు చచ్చిపడివున్నాయి. మర్నాడు మరొకటి. పెట్టలు గురక పెడుతున్నాయి. పట్ట ఎత్తి చూస్తే లోపలంతా నీటిబొట్లు, గడ్డి తడిముద్ద, కళ్లు మండే ఘాటు. కొక్కెర తెగులేమోనని హడలిపోయి పశువుల ఆస్పత్రికి పరుగెత్తాను.

"కంట్లో చుక్కల మందు వేయించారా?" అన్నాడు డాక్టరు.

"వేయించాం."

"మరి గూటిలోకి గాలి వస్తుందా, మాస్టారూ?"

కోడి ఒంటి వేడి 41 డిగ్రీలట. పైన ఈకల దుప్పటి వుండనే వుంది. పొడిగా వుంటే మన చలి దాన్నేమీ చేయదు. గాలి ఆడనప్పుడే దాని ఊపిరిలోని తేమా, రెట్టలోని తేమా లోపలే నిలిచిపోయి, అమ్మోనియా పుట్టి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. పసిపిల్లలకు మొదటి వారం 33 డిగ్రీలదాకా వెచ్చదనం కావాలి. అది తల్లి రెక్క కింద దొరుకుతుంది. కింద తడి వుంటే దాన్నీ లాగేస్తుంది. మంచు కురిసే అమెరికాలోనే ప్రిన్స్ వుడ్స్ అనే డాక్టరు, ముందుభాగం తెరిచివుంచే కోళ్ల ఇళ్ళను వందేళ్ళ కిందట ప్రచారం చేశాడని తరువాత చదివాను.

ఇంటికొచ్చి ఇదంతా అమ్మకు పాఠంలాగా చెప్పాను. శ్రద్ధగా వింది.

"అవును నాయనా. చలి కాదు, చెమ్మ కొట్టింది. మొదటిరోజే అనుకున్నా."

"మరి చెప్పలేదేం?"

ఆమె కొంగు సవరించుకుంది. "నీ ఇల్లు గదా. వచ్చి మూణ్ణెల్లు కాలేదు. అప్పుడే ఇది కాదు, అది కాదంటే బాగుంటుందా? అంత కష్టపడి కట్టావు."

ఇరవై ఏళ్ళుగా క్లాసులో మాట తడుముకోనివాణ్ణి. నోట మాట రాలేదు.

"ఇప్పుడు చెప్పమ్మా, ఎలా కట్టాలో," అన్నాను కాసేపటికి.

ఆ సాయంత్రం ఆమె పీట మీద కూర్చుని చెబుతుంటే నేనూ మా ఆవిడా చేశాం. గాలి కొట్టే ఉత్తరం, తూర్పు వైపుల మాత్రమే పట్ట. అదీ కప్పు కింద జానెడు సందు వదిలి. గడ్డి తీసేసి వేరుశనగ పొట్టు బెత్తెడు మందాన పరిచాం. నేను వేయించిన ఇనుప గొట్టం తీయించి, అడ్డంగా వెడల్పాటి చెక్క పెట్టించింది. కోడి దానిమీద కూర్చుంటే వేళ్ళు కూడా పొట్ట ఈకల కిందికి వస్తాయట. పేలు పట్టకుండా ఒళ్ళు దులుపుకోవడానికి మూల పగిలిన బేసిన్లో బూడిద. కాళ్ళ కింద మార్కాపురం పలకరాయి ముక్కలు, తుప్పు పట్టకుండా. పొట్టుకు 120 రూపాయలు, తక్కినవన్నీ ఇంట్లోవే.

ఆరు పిల్లలు దక్కాయి. ఇప్పుడు ఈకలు వచ్చి మా చెప్పులమీద సవారీ చేస్తున్నాయి.

నిన్న రాత్రి పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. వరండాలోంచి కేక వినిపించింది.

"ఒరేయ్! ఆ పట్ట కిందికి జారి సందు మూసుకుపోయింది. లేచి పైకి కట్టు. ఆ కాగితాలు రేపు చూసుకోవచ్చులే, చెప్పేది నీకేరా!"

మా ఆవిడ నావైపు చూసి నవ్వింది. పేపర్లు మూసి, టార్చిలైటు తీసుకుని లేచాను.